ములాఖత్ పుస్తకం: ఒక పాత జైలరు పాఠాలు

జైళ్ల శాఖలో డిప్యూటీ జైలరుగా చేరి, సూపరింటెండెంటుగా దిగిపోయాను. ఏ పెళ్లికి వెళ్లినా నన్నడిగేవి రెండే ప్రశ్నలు. లోపల తిండి ఎలా ఉంటుంది? పెద్దవాళ్లకు ఏసీ గదులిస్తారట, నిజమేనా? గేటు దగ్గర బల్ల మీద ఉండే ములాఖత్ రిజిస్టరు గురించి మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్తాను. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు ఇంటికొచ్చి కూర్చుంటే చెప్పిన సంగతులే ఇవి, కాస్త పొడిగించి.

శిక్ష పడ్డవాళ్ల మాట పక్కన పెడదాం. నేను చెప్పేది రిమాండులో ఉన్నవాళ్ల గురించి. 2022 చివరి లెక్కల్లో దేశం మొత్తం మీద 5,73,220 మంది ఖైదీలుంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురిని, ఉన్న కేసులో ఏ కోర్టూ ఇంకా దోషి అనలేదన్నమాట. వాళ్ల కేసు ఇంకా నడవాలి. ఆ నడవాల్సిన కేసుకీ, గేటు దగ్గరి పుస్తకానికీ మధ్య ఉన్న సంబంధమే నా గొడవంతా.

1. ఆ పేజీ ఎంత మాట్లాడుతుందో ముందు తెలుసుకోవాలి

గడులు చూడండి. తేదీ, ఖైదీ పేరు, యూటీ (విచారణ ఖైదీ) నంబరు, క్రైం నంబరు, పోలీస్ స్టేషను, వచ్చినవాళ్ల పేరు, బంధుత్వం, ఊరు, ఆధార్, ఫోను, లోపలికి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము, సంతకం లేదా వేలిముద్ర. విడివిడిగా చూస్తే ఏమీ లేదు. ఒకే ఖైదీ పేరు పట్టుకుని నెల రోజుల పేజీలు తిరగేయండి. మొదటి వారం తల్లి, భార్య, బావమరిది. రెండో వారం బావమరిది రాలేదు. మూడో వారం ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు, బంధుత్వం గడిలో ‘స్నేహితుడు’ అని రాయించాడు. ఆ మర్నాడు ఇంకో లాయరు దగ్గరి జూనియరు.

బావమరిది ఎందుకు మానేశాడు? రాజీకి ఎవరు తిరుగుతున్నారు? లాయరును మారుస్తున్నారా? బెయిలొస్తే షూరిటీకి నిలబడబోయేది ఎవరు? అద్దానికి అటూ ఇటూ కూర్చుని రిసీవరు చెవిన పెట్టుకుని వాళ్లు మాట్లాడుకున్నది ఒక్క ముక్క వినక్కర్లేదు, ఇవన్నీ తెలిసిపోతాయి.

లోపలున్నవాడు దీన్ని పట్టించుకోడు, వాడికి కావలసింది ములాఖత్. ఇంట్లోవాళ్లు అసలే పట్టించుకోరు. ఆధార్ ఇమ్మంటే ఇస్తారు, వేలు పెట్టమన్నచోట పెడతారు. పట్టించుకోవలసింది బల్ల వెనక కూర్చున్నవాడు ఒక్కడే.

2. చట్టం అడగమన్నది పేరు, చిరునామా

1894 నాటి ప్రిజన్స్ యాక్టు 41వ సెక్షను చదవండి. ములాఖత్‌కు వచ్చినవాళ్ల పేరు, చిరునామా జైలరు అడగొచ్చు. అనుమానం ఉంటే వాళ్లను తనిఖీ చేయించొచ్చు, కానీ ఖైదీ ముందుగానీ ఇంకో సందర్శకుడి ముందుగానీ చేయకూడదు. తెల్లవాళ్ల కాలంలో రాసిన చట్టానికే ఆ మాత్రం మర్యాద తెలిసింది. జేబులు వెతికేటప్పుడు పక్కవాడు చూడకూడదన్నప్పుడు, పేరు రాసేటప్పుడు మాత్రం అందరూ చూడొచ్చా?

ఆ పేరు అడగడం దేనికి? గంజాయి పొట్లమో సిమ్ కార్డో లోపలికి వస్తే ఎవరు తెచ్చారో తెలియాలి. వేరేవాడి పేరు మీద ఎవడూ లోపలికి రాకూడదు. అంతవరకే. ఇంకో సంగతి కొత్తవాళ్లు మర్చిపోతుంటారు: వచ్చిన మనిషి మీద ఏ కేసూ లేదు. తమ్ముణ్ణి చూడ్డానికి బస్సెక్కి వచ్చిన అక్క నేరస్తురాలు కాదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమంది గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది ఆమెకూ వర్తిస్తుంది.

3. పై వరుస కింది వరుసకు కనబడకూడదు

ఇది చిన్న విషయమే, నేను ఎక్కువ గొడవలు చూసింది దీనివల్లే. సంతకం పెట్టడానికి వంగిన మనిషి కళ్లు సంతకం గడి మీద ఆగవు. పైన ఎవరెవరు వచ్చిపోయారో చదువుతాయి. చదువు రాని ముసలమ్మయితే వెనకున్న మనవడు చదివి పెడతాడు.

ఒకసారి ఒకావిడ వేలిముద్ర వేస్తూ పై గడి చూసింది. అదే ఖైదీ పేరు, పక్కన ఇంకో ఆడమనిషి పేరు, బంధుత్వం ‘భార్య’. ఈవిడా భార్యే. కౌంటరు దగ్గరే రేగింది గొడవ. ములాఖత్ పోయింది. తర్వాత బెయిలు పిటిషనుకు డబ్బు పెట్టాల్సిన ఈవిడ పుట్టింటివాళ్లు చేతులెత్తేశారు. మామూలుగా ఒక వాయిదాలో బెయిలు రావలసిన చిన్న కేసది. మనిషి నెలల తరబడి లోపలే ఉండిపోయాడు. వాడు చేసింది ఒప్పని నేననను. కానీ ఆ కబురు చెప్పడం జైలు పని కాదు.

గలాటా కేసుల్లో ఇది ఇంకా ముదురుతుంది. ఒకే ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకుని రెండు వర్గాలవాళ్లూ లోపలుంటే, వాళ్ల చుట్టాలు ఒకే రోజు ఒకే పుస్తకంలో సంతకాలు పెడతారు. ఎదుటి వర్గం తరఫున ఎవరొచ్చి వెళ్లారో అక్కడే తెలుసుకుని పోతారు.

మా హెడ్ వార్డరు ఒకాయన దీనికి మందు కనిపెట్టాడు. పాత క్యాలెండరు అట్ట తీసుకుని, సరిగ్గా ఒక వరుస మట్టుకు కనబడేలా బ్లేడుతో చీల్చాడు. పేజీ మీద ఆ అట్ట పరిచి, చీలికలోంచి సంతకం పెట్టించేవాడు. ఒకరి పని కాగానే అట్టను ఒక గీత కిందికి జరిపేవాడు. ఖర్చు లేదు, సర్క్యులరు లేదు. నేను బదిలీ అయిన ప్రతిచోటా ముందు చేయించిన పని అదే. మనిషికో చీటీ పెట్టి, సంతకం చీటీ మీదే తీసుకుంటే ఇంకా మంచిది.

4. నోటిమాటకు పేజీ తిప్పకూడదు

మధ్యాహ్నం పూట, కౌంటరు ఖాళీగా ఉన్నప్పుడు, మఫ్టీలో ఒక కానిస్టేబులు వస్తాడు. టీ తాగి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, “సార్, మా కేసులో ఏ2 దగ్గరికి ఎవరెవరు వస్తున్నారో ఒకసారి చూసుకుంటాం. ఎస్సై గారు చెప్పమన్నారు” అంటాడు. చూసుకోనిస్తే సెల్‌ఫోనులో నాలుగు పేజీలు ఫోటో తీసుకుంటాడు. అంతే, ఎక్కడా రాతలో ఉండదు.

అతను చెడ్డవాడని నేననను, అతనికి అప్పగించిన పని అది. తర్వాత జరిగేది చూడండి. ఆ ఫోటోలోని ఫోను నంబర్లకు స్టేషను నుంచి కాల్ వెళుతుంది. “ఒకసారి వచ్చిపో.” వెళ్లినవాణ్ణి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెడతారు. ఆ మాట ఊళ్లో పాకుతుంది. మరుసటి వారం ఆ ఖైదీకి ములాఖత్ లేదు. వచ్చేవాళ్లు లేకపోతే క్యాంటీను ఖాతాలో డబ్బు పడదు, ఇంట్లో బిడ్డకు జ్వరమన్న సంగతి తెలియదు, లాయరు అడిగిన కాగితం ఊరి నుంచి రాదు. కొత్తగా రిమాండుకొచ్చినవాడు ములాఖత్ రోజున పేరు పిలుస్తారేమోనని పొద్దుటి నుంచీ బ్యారక్ తలుపు దగ్గరే నిలబడతాడు. అలా రెండు వారాలు నిలబడి ఎవరూ రాకపోతే వాడి మీద ఒక కన్నేసి ఉంచమని రాత్రి డ్యూటీవాళ్లకు చెప్పేవాణ్ణి.

నిజంగా అవసరమైన సందర్భాలు లేవా? ఉన్నాయి. లోపలి నుంచే సాక్షిని బెదిరిస్తున్నాడని ఫిర్యాదు వస్తే, ఆ కబురు ఎవరి ద్వారా వెళ్లిందో పోలీసులు చూడాల్సిందే. దానికి దారి ఉంది. పాత సీఆర్‌పీసీలో 91, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 94వ సెక్షను. కోర్టు సమను ఇస్తుంది, లేదా స్టేషను ఆఫీసరు రాతపూర్వకంగా ఆర్డరు ఇస్తాడు. ఏ కేసుకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎవరి వివరాలు కావాలో అందులో రాస్తారు. ఆ మేరకు పేజీల నకలు తీసి, మిగతా ఖైదీల వరుసలు కప్పేసి, అక్నాలెడ్జిమెంటు తీసుకుని ఇవ్వాలి. నా వరకు కోర్టు కాగితమైతే కళ్లకద్దుకుని ఇచ్చేవాణ్ణి. స్టేషను కాగితమైతే నాలుగుసార్లు చదివి, అడిగినంతే ఇచ్చేవాణ్ణి. నోటిమాటైతే టీ ఇచ్చి పంపేవాణ్ణి. “రాసివ్వండి సార్, ఇప్పుడే ఇచ్చేస్తా” అంటే సగం మంది మళ్లీ రారు. రాతలో పెట్టడానికి వాళ్లకే కారణం దొరకదు.

5. లాయరు వచ్చిన తేదీ కూడా కేసులో భాగమే

లాయరు ములాఖత్‌లో జైలు సిబ్బంది కనుచూపు మేరలో ఉండొచ్చు, చెవికి అందేంత దగ్గర ఉండకూడదు. 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ములిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. ఆమె స్మగ్లింగును అడ్డుకునే ముందస్తు నిర్బంధ చట్టం కాఫెపోసా కింద తీహార్‌లో ఉన్న బ్రిటిష్ మహిళ. లాయరును కలవాలంటే కలెక్టరు స్థాయి అనుమతి, పక్కన కస్టమ్స్ ఆఫీసరు. ఇంటివాళ్లనైతే నెలకు ఒక్కసారే చూడాలి. అవన్నీ చెల్లవని కోర్టు కొట్టేసింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాల్లో 61వది కూడా దాదాపు ఇదే చెబుతుంది.

మాటకు ఇంత కాపలా ఉంది. లాయరుకూ క్లయింటుకూ మధ్య నడిచిన మాటల్ని అప్పట్లో పాత సాక్ష్య చట్టం 126వ సెక్షను కాపాడింది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షను కాపాడుతోంది. మరి వచ్చిన తేదీ? ఎంతసేపు ఉన్నాడు? వెంట ఎవరిని తెచ్చాడు? దానికి కాపలా లేదు.

చేతిరాత మీద నడిచే కేసు అనుకోండి. లాయరు గారు తన వెంట చేతిరాత నిపుణుణ్ణి తీసుకొచ్చారు. పేరు, వృత్తి రిజిస్టరులో పడ్డాయి. డిఫెన్సు ఏ వైపు నుంచి వస్తుందో ప్రాసిక్యూషనుకు చార్జిషీటు వేయకముందే తెలిసిపోతుంది. మానసిక వైద్యుడు వస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ఇద్దరు ముద్దాయిలున్న కేసులో ఏ1 లాయరు ఏ2ను కలవడం మొదలుపెడితే ఒక కథ, మానేస్తే మరో కథ. ఏ2 అప్రూవరుగా మారబోతున్నాడని బయటివాళ్లు పసిగట్టేది ఇలాంటి చోటే. మారకముందే పసిగడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. లీగల్ ములాఖత్‌కు వేరే పుస్తకం పెట్టి, దాన్ని డ్యూటీ జైలరు బీరువాలో ఉంచాలి. లీగల్ ఎయిడ్ లాయర్లకూ ఇదే వర్తిస్తుంది. పేదవాడి లాయరు వచ్చిన తేదీలు నలుగురిలో పడ్డా పరవాలేదన్న ధోరణి కొన్నిచోట్ల చూశాను. ఎందుకలా అనుకుంటారో నాకిప్పటికీ అర్థం కాదు.

6. టైము గడి ప్రమాదకరం

అప్పట్లో మా కర్నూలు జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల సబ్‌జైలు ఉదంతం శాఖలో పనిచేసినవాళ్లకు తెలిసిందే. 1977 మే 5 అర్ధరాత్రి దాటాక అక్కడ రిమాండులో ఉన్న చల్లా చిన్నపరెడ్డి గది మీద బాంబులు వేశారు. ప్రాణభయం ఉందని ఆయన ముందే మొరపెట్టుకున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. ఆయన చనిపోయారు. ఆయనతో పాటు అదే గదిలో ఉన్న కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి బతికి, నష్టపరిహారానికి కోర్టుకెక్కారు. 2000లో సుప్రీంకోర్టు ప్రభుత్వం వాదన తోసిపుచ్చింది. జైల్లో ఉన్నంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడనీ, ప్రాణం కాపాడే బాధ్యత ప్రభుత్వానిదేననీ తేల్చింది.

అక్కడ రిజిస్టరు బయటికి పోయిందని నేననడం లేదు. కక్షలు ప్రాణాల మీదికి వచ్చే చోట ఒక కుటుంబం ఏ వారం, ఏ టైముకు, ఏ ఊరి నుంచి జైలు గేటుకు వచ్చిపోతుందో రాసి ఉన్న కాగితం ఎలాంటిదో ఆలోచించమంటున్నాను. బస్సు దిగి గేటు దాకా నడిచే దారిలో వాళ్లకు ఏ కాపలా ఉండదు.

7. పేపరువాళ్లు వచ్చినప్పుడు

పెద్దవాళ్లు లోపలికొస్తే గేటు ముందు టీవీ బండ్లు నిలుస్తాయి. 2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు గారు రాజమండ్రి సెంట్రల్ జైల్లో రిమాండులో ఉన్నప్పుడు ఎవరొచ్చి కలిశారో రాష్ట్రమంతా చూసింది. పవన్ కల్యాణ్ గారు ములాఖత్ అయ్యాక జైలు బయటే పొత్తు ప్రకటించారు. అది వాళ్లంతట వాళ్లు చెప్పుకున్నది. వచ్చినవాడు మైకు ముందు నిలబడితే జైలుకు అభ్యంతరం లేదు. వచ్చినవాడు నోరు విప్పకపోతే జైలూ విప్పకూడదు, అంతే తేడా.

ఆర్టీఐ దరఖాస్తు వస్తే కొత్త సూపరింటెండెంట్లు రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. మొత్తం జిరాక్సు తీసిచ్చేస్తారు, లేదా ‘ఇవ్వబడదు’ అని ఒక్క ముక్కలో తిప్పికొడతారు. చట్టం అంత మొద్దుగా లేదు. ప్రాణానికి ముప్పుంటే 8(1)(జి), దర్యాప్తుకు, విచారణకు అడ్డమైతే 8(1)(హెచ్), వ్యక్తిగత సమాచారమైతే 8(1)(జె). ఈ చివరిదాన్ని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకా బిగించింది. అలాగని ప్రజల ప్రయోజనం పెద్దదైతే ఇవ్వొచ్చనే 8(2) పోలేదు. పేరున్న మూడో మనిషికి 11వ సెక్షను కింద నోటీసు వెళ్లాలి, తన మాట చెప్పుకోవడానికి పది రోజులివ్వాలి. అన్నిటికన్నా పనికొచ్చేది 10వ సెక్షను: ఇవ్వగలిగినంత ఇచ్చి, మిగతాది కప్పెయ్యొచ్చు.

అడిగినాయనకు నిజంగా కావలసింది ఏమిటి? ఫలానా డబ్బున్న ముద్దాయికి వారానికి రెండుకు బదులు ఆరు ములాఖత్‌లు ఇచ్చారా, అరగంటకు బదులు మూడు గంటలు కూర్చోబెట్టారా అన్నదే కదా? అది అడిగే హక్కు ప్రజలకుంది. ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎవరి అనుమతితో అన్నవి ఇవ్వండి. అక్కడ సిగ్గుపడాల్సింది జైలువాళ్లు. వచ్చినవాళ్ల పేర్లు మాత్రం కప్పండి.

“సీబీఐ డైరెక్టరు ఇంటి సందర్శకుల పుస్తకం బయటపెడితే తప్పు లేదు గానీ, జైలు పుస్తకం బయటపెడితే తప్పా?” అని ఒక విలేకరి నన్ను నిలదీశాడు. 2014లో అప్పటి సీబీఐ డైరెక్టరు రంజిత్ సిన్హా ఇంటి రిజిస్టరు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2జీ కేసు నుంచి తప్పుకోమని కోర్టు ఆయనకు చెప్పింది. ఆ విలేకరికి చెప్పిందే మీకూ చెప్తాను. కేసు దర్యాప్తు చేసే అధికారి ఇంటికి ఆ కేసు ముద్దాయిలు ఎందుకెళ్లారన్నది ప్రజల పని, ఆయన చేతిలో అధికారం ఉంది కాబట్టి. విచారణ ఖైదీ చేతిలో ఏముంది?

8. దాచడమంటే రాయకపోవడం కాదు

ఇంత విన్నాక కొందరికి వచ్చే ఆలోచన: అసలు రాయకుంటే పోలా? అంతకన్నా అన్యాయం లేదు. ఫలానా తేదీన ములాఖత్‌లో తన మనిషి ద్వారా సాక్షిని బెదిరించాడని ముద్దాయి మీద ఆరోపణ వస్తే, ఆ రోజు అతనికి ములాఖతే లేదని చెప్పగలిగేది ఈ పుస్తకమే. లోపల ఖైదీ చనిపోతే, చివరిసారి ఇంటివాళ్లను ఎప్పుడు కలవనిచ్చారో, వచ్చినవాళ్లను తిప్పి పంపారో లేదో చెప్పేదీ ఇదే. కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి, దిద్దితే ఇనిషియల్ పెట్టాలి, పేజీ నంబరు తప్పకూడదు. తనకోసం ఎవరొచ్చారో ఆ ఖైదీ అర్జీ పెడితే అతని వరుసల నకలు అతనికివ్వాలి.

9. కంప్యూటరు వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు

ఈ-ములాఖత్‌లో పేరు, చిరునామా, గుర్తింపు కార్డు, ఫోను నంబరు ఇంటి నుంచే ఎక్కించొచ్చు. కరోనా కాలంలో వీడియోలో బిడ్డ మొహం చూసి ఏడ్చిన తల్లులను ఎరుగుదును, దాన్ని తక్కువ చేయను. కానీ ఫారం నింపడం రానివాళ్లు నెట్ సెంటరుకు పోతారు. ఆ అబ్బాయి ఓటీపీ కోసం తన నంబరే కొడతాడు. అలా పది కుటుంబాలకు ఒకే ఫోను. ఏ ఇంట్లో ఎవరు జైల్లో ఉన్నారో ఆ వీధికి నెట్ సెంటరువాడి నోటే తెలుస్తుంది.

పై స్థాయిలో సంగతి ఇంకొకటి. ఈ-ప్రిజన్స్, పోలీసుల సీసీటీఎన్ఎస్, ఈ-కోర్ట్స్ ఇప్పుడు ఐసీజేఎస్ అనే ఒకే గొడుగు కిందున్నాయి. మఫ్టీ కానిస్టేబులును రాసివ్వమని వెనక్కి పంపగలిగాను. స్క్రీను ముందు కూర్చున్నవాణ్ణి ఎవరు పంపుతారు? ఎవరు, ఏ రోజు, ఎవరి వివరాలు తెరిచారో గుర్తు మిగలాలి, ఆ గుర్తును జైలు తరఫున ఒకరు నెలనెలా చూడాలి. అదొక్కటి లేకపోతే నా అట్టముక్క చేసిన పని కూడా ఈ కంప్యూటరు చేయనట్టే.

10. గడి శాశ్వతం కాదు

ఏ రిజిస్టరయినా తాతల నాటి నుంచీ ఇలాగే ఉందంటారు. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. శతాబ్దానికి పైగా నింపుతూ వచ్చిన గడి. తీసేస్తే జైళ్లేమీ కూలిపోలేదు.

నేను బంధుత్వం గడి తీసెయ్యమనను, ములాఖత్ ఇవ్వాలా వద్దా అన్నది తేల్చడానికి అది కావాలి. క్రైం నంబరు, పోలీస్ స్టేషను సందర్శకుల పుస్తకంలో ఎందుకు? ఖైదీ నంబరు చాలు, మిగతాది ఖైదీ ఫైల్లో ఉంది. ఆధార్ జిరాక్సులు కట్టలు కట్టలుగా మూలన పడేయడం ఎందుకు? ఒక ఊళ్లో జైలు ఎదుటి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొంటే, పొట్లం కట్టిన కాగితం మీద ములాఖత్‌కు వచ్చిన ఒకావిడ ఫోటో, పేరు, నంబరు ఉన్నాయి. పాత కాగితాల కింద ఎవరో తూకానికి అమ్మేశారట. కార్డు చూసి వెనక్కి ఇచ్చేస్తే సరిపోయేది. పుస్తకంలో రాయక తప్పదనుకుంటే పన్నెండు అంకెలకు బదులు చివరి నాలుగు రాసుకోండి. ఆ మార్పుకు జీవో కోసం కూర్చోనక్కర్లేదు, నా లెక్కన సూపరింటెండెంటు ఆఫీసు ఆర్డరు ఒకటి చాలు.